చేతి మీద డోరేమాన్, తొలి సఫ్‌లో వడ్డీ

ముందే ఒక మాట సాఫ్‌గా చెప్పేస్తా. గోద్నా జాయెజ్ అని వకాలత్ చేయడానికి నేను కూర్చోలేదు. పచ్చబొట్టు అనండి, గోద్నా అనండి, ఇప్పటి పిల్లల లెక్కన టాటూ అనండి, మన దీన్‌లో దానికి మనాయీ ఉంది. హదీస్‌లో ఉంది, ఉలేమా చెప్పారు, బాత్ ఖతమ్. నా ఝగ్డా వేరే. ఒక నౌజవాన్ చేతి మీద బెత్తెడు బొమ్మ కనపడగానే అతని నమాజ్‌కు, నికాహ్‌కు, రేపటి జనాజాకు కూడా ఇప్పుడే ఫైసలా చెప్పేస్తున్న మన మొహల్లా పెద్దమనుషులతో నా ఝగ్డా.

సంగతి నంద్యాలది. పిల్లాడి పేరు రాయను. మొహల్లా పేరు, మస్జిద్ పేరు కూడా రాయను. ఊళ్ళో ఉన్నోళ్ళకు ఎట్లాగూ తెలుసు. తెలియనోళ్ళకు తమ గల్లీ పిల్లాడే ఎవరో ఒకడు గుర్తొస్తాడు. ఇరవై మూడేళ్ళోడు. బండ్ల మెకానిక్. తాగడు, పేకాట ఆడడు, అమ్మీకి ఎదురు మాట్లాడడు. ఎడమ ముంజేతి మీద నీలం రంగు డోరేమాన్ బొమ్మ పొడిపించుకున్నాడు. అంతే అతని నేరం.

డోరేమాన్ అంటే పెద్దోళ్ళకు తెలియకపోవచ్చు, ఇంట్లో పిల్లలను అడగండి. జపాన్ బొమ్మల కథ. 1969లో ఫుజికో ఎఫ్. ఫుజియో మొదలుపెట్టాడు. నోబితా అని ఒక పిల్లాడు. చదువు రాదు, ఆట రాదు, బడిలో టీచర్ తిడతాడు, వీధిలో పెద్ద పిల్లాడు కొడతాడు. వాడి కోసం ముందు కాలం నుంచి ఒక పిల్లి రోబో వస్తుంది. దాని పొట్ట మీద జేబులో అన్నీ ఉంటాయి. ఆ రోబో కూడా సరిగ్గా తయారు కానిదే. నోబితాను ఎంత విసుక్కున్నా విడిచిపెట్టి పోదు.

మన మెకానిక్ పిల్లాడి అబ్బా కువైట్ పోయి తిరిగి రాలేదు. అమ్మీ నంద్యాలలో ఇళ్ళల్లో పని చేస్తా, కొడుకును ఆళ్ళగడ్డలో ఖాలా ఇంట్లో పెట్టింది. ఖాలా ఇంట్లో టీవీ ఉంది. టీవీలో డోరేమాన్ తెలుగులో మాట్లాడుతుంది. "బడి నుంచి వచ్చినాక నాతో మాట్లాడింది అదొక్కటే సాబ్" అన్నాడు నాతో. ఎందుకు పొడిపించుకున్నావ్ రా అంటే అతను చెప్పిన జవాబు అంతే. ఈ జవాబుతో గునాహ్ సవాబ్ అయిపోదు. కానీ ఈ జవాబు కమిటీ పెద్దల్లో ఒక్కరు కూడా అడిగి తెలుసుకోలేదు.

ఏం జరిగిందో వరసగా చెప్తా. ఒక జుమా రోజు వుజూ దగ్గర చొక్కా చేతులు పైకి మడిచాడు. బొమ్మ కనపడింది. "యే హాత్ లేకే సఫ్ మే కైకు ఖడా హోరా?" అని ఒక పెద్దమనిషి గట్టిగా అరిచాడు. ఈ రంగు కింద నీళ్ళు దిగవు, నీ వుజూ కాదు, గుస్ల్ కాదు, నీ పక్కన నిలబడినోళ్ళ నమాజ్ కూడా ఖరాబ్ అన్నారు. ఇంకొకాయన, "రేపు చస్తే నీకు గుస్ల్ ఎవరిస్తారు?" అన్నాడు. ఇమామ్ సాబ్ పిల్లాణ్ణి పక్కకు పిలిచి, "వుజూ హోజాతా బేటా, ఆతే రహో" అని మెల్లగా చెప్పాడంట. ఆ మాటే మైకులో చెప్పడానికి ఆయనకు ధైర్యం లేదు. తన్ఖా ఇచ్చేది కమిటీ కదా. ఆ పిల్లాడు ఆ తర్వాత మస్జిద్ మెట్లెక్కలేదు.

రెండోది, ఆళ్ళగడ్డలో కుదిరిన రిష్తా పోయింది. మూడోది అన్నిటికంటే ఘోరం. గల్లీలో ఎవరో తల్లికి సలహా ఇచ్చారు, బాత్రూమ్ కడిగే యాసిడ్ పూస్తే పోతుందని. పాపం ఆమె కొడుకు ఆఖిరత్ కోసం సీసా కొనుక్కొచ్చింది. సమయానికి పక్కింటి బాజీ చూసి లాక్కుంది కాబట్టి సరిపోయింది. లేకుంటే చేయి కాలేది, బొమ్మ మాత్రం సగం అట్లాగే ఉండేది.

ఇప్పుడు ఒక్కొక్క మాటకు జవాబు చెప్తా.

వుజూ కాదన్నారు. గోళ్ళ రంగు చర్మం పైన పొరలా ఉంటుంది, దాని కింద నీళ్ళు దిగవు, ఆ మాట నిజమే. గోద్నా రంగు చర్మం పైన ఉండదు, లోపల ఉంటుంది. సూది పైపొరను దాటి లోపలి పొరలో సిరా వదులుతుంది. పైన ఉండే తోలు మామూలు తోలే. నీళ్ళు తగలాల్సిన చోట తగులుతాయి. ఇది నేను ఇల్మ్ లేకుండా చెప్తున్న మాట కాదు. దమిష్క్‌లో ఉండిన హనఫీ ఫఖీహ్ ఇబ్న్ ఆబిదీన్ 19వ శతాబ్దంలోనే రద్దుల్ ముహ్తార్‌లో ఈ మస్‌అలా రాశారు. కడిగితే ఆ చోటు పాక్ అవుతుంది, దాన్ని తీయడానికి తోలు ఒలవాల్సిన అవసరం లేదు అని ఆయన ఫైసలా. ఇబ్న్ హజర్ అస్ఖలానీ కూడా, తీస్తే ఆ అంగానికి నుఖ్సాన్ అవుతుందన్న భయముంటే అట్లాగే ఉంచవచ్చు, తౌబా చాలు అన్నారు. మరి యాసిడ్ సలహా ఏ కితాబ్‌లో నుంచి తీశారు? నంద్యాల హార్డ్‌వేర్ షాపులో నుంచా?

చస్తే గుస్ల్ ఎవరిస్తారు అన్నారు. ఈ మాట విన్నప్పుడు నాకు హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి.) గుర్తొచ్చారు. హబ్‌షాకు హిజ్రత్ చేసిన సహాబియా. హజ్రత్ జాఫర్ (రజి.) బీవీ, ఆయన షహీద్ అయ్యాక హజ్రత్ అబూబకర్ సిద్దీఖ్ (రజి.) బీవీ, తర్వాత హజ్రత్ అలీ (రజి.) బీవీ. హజ్రత్ అబూబకర్ (రజి.) దగ్గర కూర్చుని విసురుతున్న ఆమె చేతుల మీద గోద్నా ఉండటం చూశామని రివాయత్ ఉంది. ఇబ్న్ హజర్ ఫత్హుల్ బారీలో దాన్ని ప్రస్తావించారు. అది మనాయీ తెలియక ముందుదై ఉంటుందని ఉలేమా వివరణ. సరే, గునాహ్ సంగతి పక్కన పెట్టండి. పాకీ సంగతి చూడండి. ఖలీఫా అబూబకర్ (రజి.) ఇంతెకాల్ అయినప్పుడు ఆయనకు గుస్ల్ ఇచ్చింది ఈ అస్మా (రజి.)యే. ఇమామ్ మాలిక్ మువత్తాలో ఉంది, వెళ్ళి చూసుకోండి. రసూల్ (స) యారె గార్‌కు, మొదటి ఖలీఫాకు ఆఖరి గుస్ల్ ఇచ్చింది గోద్నా ఉన్న చేతులు. మన మెకానిక్ పిల్లాడి చేయి సఫ్‌లోకే పనికిరాదంట.

ఇక అసలు హదీస్ దగ్గరికి వస్తా. సహీహ్ బుఖారీలో హజ్రత్ అబూ జుహైఫా (రజి.) రివాయత్ ఉంది. గోద్నా పొడిచే ఆమె మీద, పొడిపించుకునే ఆమె మీద లానత్ ఉన్నది అందులోనే. కమిటీ పెద్దలు చదివింది ఇంతవరకే. అదే రివాయత్‌లో, అదే ఊపిరిలో, ఇంకా ఇద్దరి పేర్లు ఉన్నాయి. వడ్డీ తినేవాడు, వడ్డీ ఇచ్చేవాడు. ఆ తర్వాత తస్వీర్ చేసేవాడు. ఒకే లైన్‌లో ఉన్న వాళ్ళలో ఒకడిని పట్టుకుని బయటికి నెట్టి, మిగతావాళ్ళకు అత్తరు పూసి తొలి సఫ్‌లో నిలబెట్టడం ఏ దీన్?

మన ఊళ్ళో వడ్డీ వ్యాపారం ఎట్లా నడుస్తుందో అందరికీ తెలుసు. తోపుడు బండి మీద పండ్లు అమ్మే అన్నకు పొద్దున 900 చేతిలో పెట్టి సాయంత్రం 1,000 వసూలు చేస్తారు. నూటికి మూడు రూపాయలు, ఐదు రూపాయలు. వారం కిస్తు తప్పితే గుమ్మం ముందు మనుషులు. ఇచ్చేవాళ్ళందరూ బయటోళ్ళేనా? మనోళ్ళు లేరా? ఉన్నారు. జుమా రోజు ఖుత్బాకు ముందే వచ్చి ఇమామ్ వెనకాల కూర్చుంటారు. రంజాన్‌లో ఇఫ్తార్‌కు ఖర్జూరాల డబ్బాలు పంపిస్తారు. "సేఠ్ సాబ్, ఆయియే" అని జాగా ఇస్తాం. వడ్డీ వదలనోళ్ళతో అల్లాహ్, ఆయన రసూల్ తరఫున జంగ్ ఎలాన్ ఉంది సూరె బఖరాలో. గోద్నా మీద జంగ్ ఎలాన్ ఎక్కడుందో నాకు చూపించండి.

తస్వీర్ సంగతి. ఈద్ వచ్చిందంటే నంద్యాల చౌరస్తాలన్నీ ఫ్లెక్సీలు. పైన లీడర్ మొహం నిలువెత్తున, కింద మన పెద్దల మొహాలు వరసగా, ఈద్ ముబారక్ అక్షరాలు మాత్రం చిన్నగా. కెమెరా ఫోటో వేరు, చేత్తో గీసింది వేరు అని కొందరు ఉలేమా అంటారు, నేను కాదనను. ఈ మస్‌అలాలో ఇఖ్తిలాఫ్ ఉంది. ఫ్లెక్సీ కోసం ఇఖ్తిలాఫ్ వెతుక్కున్నవాళ్ళకు, పిల్లాడి వుజూ కోసం ఒక్క కితాబ్ తిప్పే ఓపిక లేకపోయిందే అన్నది నా గిలా.

ఇంకో రివాయత్ హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ మస్‌ఊద్ (రజి.)ది. అందులో గోద్నాతో పాటు కనుబొమల వెంట్రుకలు పీకించుకోవడం కూడా ఉంది. శాదీ సీజన్‌లో బ్యూటీ పార్లర్ల ముందు బురఖాల వరస నేను చూడలేదా? ఆ బెహెన్లను ఆపమని నేను చెప్పడం లేదు. వాళ్ళ నమాజ్ కాదని ఏ పెద్దమనిషీ పార్లర్ ముందు నిలబడి అరవలేదు, అరవకూడదు కూడా. అదే తమీజ్ ఒక గరీబ్ పిల్లాడి విషయంలో ఏమైంది?

గోద్నా మొన్న మొబైల్‌లో నుంచి ఊడిపడిందేమీ కాదు. మన రాయలసీమ పల్లెల్లో ఎరుకల ఆడవాళ్ళు సూదులు, మసి, ఆకు పసరు పెట్టుకుని ఇంటింటికీ తిరిగి పచ్చబొట్లు పొడిచేవాళ్ళు. 1909లో అచ్చయిన థర్‌స్టన్ పుస్తకాల్లో కూడా వాళ్ళ ఈ పని గురించి ఉంది. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో, పొలం పనులకు హిందూ ఆడవాళ్ళతో కలిసి పోయిన మన దాదీల, నానీల చేతుల మీద కూడా చుక్కలు, పువ్వులు నా కళ్ళతో చూశాను. వాళ్ళు పోయినప్పుడు జనాజా ఎవరూ ఆపలేదు. అప్పటి మన బిరాదరికి ఇల్మ్ తక్కువ ఉండొచ్చు, రహమ్ మాత్రం ఎక్కువ ఉండింది.

గమ్మత్తు ఏమంటే ఆ డోరేమాన్ పుట్టిన జపాన్‌లో కూడా గోద్నా అంటే మొహం చిట్లిస్తారు. 1872లో అక్కడి ప్రభుత్వం నిషేధించింది, 1948 దాకా ఎత్తేయలేదు. ఈ రోజుకూ చాలా స్నానశాలల్లో గోద్నా ఉన్నవాళ్ళను రానివ్వరు, రౌడీ గ్యాంగుల గుర్తు అని. అక్కడ మౌలానా లేడు, ఫత్వా లేదు. అంటే ఈ చిరాకంతా ఈమాన్‌లో నుంచి పుట్టింది కాదు. లోగ్ క్యా బోలేంగే అన్న భయంలో నుంచి పుట్టింది. దానికి దీన్ చాదర్ కప్పుతున్నాం.

ఇప్పుడు ఆళ్ళగడ్డ రిష్తా. ఈ పిల్లాడు జోడే కీ రఖం ఒక్క రూపాయి వద్దన్నాడు. మహర్ నగదుగా ఇస్తానన్నాడు. వలీమా తన సంపాదనతోనే అన్నాడు. ఈ కాలంలో ఇట్లాంటి అల్లుడు ఎక్కడ దొరుకుతాడు? అమ్మాయి తరఫు పెద్దలు వచ్చి చేయి చూశారు. "లడ్కా బిగ్‌డేలా హై" అని లేచిపోయారు. నెల తిరక్కముందే అదే అమ్మాయికి ఇంకో రిష్తా కుదిరింది. ఐదు లక్షల రఖం, ఒక బుల్లెట్ బండి. ఆ ఐదు లక్షలు అమ్మాయి అబ్బా ఎక్కడ తెచ్చాడు? వడ్డీకి తెచ్చాడు. హదీస్‌లో లైన్ మళ్ళీ ఒకసారి చదువుకోండి. చేతి మీది బొమ్మను చూసి భయపడి పారిపోయిన మనిషి, వడ్డీ ఇచ్చేవాడిగా అదే లైన్‌లోకి తనే నడుచుకుంటూ పోయాడు. ఆ నికాహ్‌కు మన పెద్దలే గవాహ్‌లు, బిర్యానీ తిని దువా చేసి వచ్చారు. 1961 నుంచి దేశ ఖానూన్ కట్నం నేరమంటోంది, పద్నాలుగు వందల ఏళ్ళ నుంచి షరీఅత్ మహర్ ఇవ్వాల్సింది మగాడు అంటోంది. రెండిటినీ ఒకే పందిట్లో తొక్కినవాడు షరీఫ్, బొమ్మ పొడిపించుకున్నవాడు బిగ్‌డేలా.

గోద్నా అన్న మాటకు ఇంకో చరిత్ర ఉంది. ఈస్ట్ ఇండియా కంపెనీ పాలనలో యావజ్జీవ శిక్ష పడిన ఖైదీల నుదుటి మీద వాళ్ళ నేరం పచ్చబొట్టుగా పొడిచేవాళ్ళు. ఆ శిక్ష పేరే గోద్నా. బెంగాల్‌లో 1797లో చట్టం చేశారు, మద్రాస్ ప్రెసిడెన్సీలోనూ నడిచింది, 1849లో రద్దు చేశారు. మనిషి మారినా, తౌబా చేసుకున్నా, చచ్చేదాకా నుదురు మాత్రం వాడి నేరం చెప్తానే ఉండాలి. కంపెనీ సర్కార్ కూడా సిగ్గుపడి మానేసిన పని మనం నోటితో చేస్తున్నాం.

నోటితో వేసిన ముద్ర ఏం చేస్తుందో నంద్యాల వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2020 నవంబర్‌లో మన ఊరి ఆటో డ్రైవర్, బీవీ, ఇద్దరు పిల్లలు, నలుగురూ ప్రాణాలు తీసుకున్నారు. చేయని దొంగతనం మోపి పోలీసులు వేధిస్తున్నారని వీడియోలో చెప్పి మరీ పోయారు. సీఐని, హెడ్ కానిస్టేబుల్‌ని అరెస్టు చేశారు. ఇన్సాఫ్ కోసం మనమందరం రోడ్డెక్కాం. పోలీసులు వేసిన ముద్రకు అంత కోపమొచ్చిన మనకు, మన పిల్లాడి మీద మనమే ముద్ర వేసేటప్పుడు చేయి వణకలేదెందుకు? ఆ పిల్లాడు ఇప్పుడు షాపులో చివరి మూల కూర్చుంటాడు, మే నెల ఎండలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటాడు. తల్లి నాతో, "భయ్యా, రాత్రి పడుకోడు, నాకు భయమైతాంది" అంది. ఆమె భయం చూసే ఈ నాలుగు మాటలు రాస్తున్నా.

నౌజవాన్లకు కూడా ఒక మాట. నేను మీ తరఫున మాట్లాడుతున్నానని రేపే పోయి సూది కింద చేయి పెట్టకండి. మనాయీ ఉన్నది మనాయీయే. దాంతో పాటు దునియా లెక్క కూడా వినండి. సరిగా శుభ్రం చేయని సూదితో హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి అంటుకోవచ్చు. పొడిపించుకున్నాక 12 నెలలు రక్తదానానికి పనికిరారు. మొహల్లాలో ఎవరికైనా అర్జెంటుగా రక్తం కావాలన్నా మీరు చేయి చాపలేరు. బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల సెలెక్షన్‌లో ఎడమ ముంజేయి లోపలి వైపు, లేదా అరచేతి వెనక వైపు, ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉంటేనే ఒప్పుకుంటారు. ఆ వెసులుబాటు కూడా మత చిహ్నాలకు, పేర్లకు. కార్టూన్ బొమ్మ అందులో లేదు. తీయించుకుందామంటే లేజర్ ఉంది, కానీ వారాల ఎడంతో ఎన్నో సిట్టింగులు, ఒక్కోదానికి వేలల్లో ఖర్చు. నల్ల రంగు త్వరగా పోతుంది, కార్టూన్లలో ఉండే పచ్చ, పసుపు, లేత నీలం మొండిగా ఉండిపోతాయి. బొమ్మ అంత ఇష్టమైతే టీషర్టు మీద వేసుకోండి, బండి మీద స్టిక్కర్ అతికించుకోండి, పాతబడితే పీకేయొచ్చు.

అయిపోయిన పనికి మాత్రం దారి మన దీన్‌లోనే ఉంది. దాని పేరు తౌబా. అది బందాకు, అల్లాహ్‌కు మధ్య సంగతి. మధ్యలో కమిటీ లేదు, యాసిడ్ సీసా లేదు. ఆ పిల్లాడు తౌబా చేసుకున్నాడో లేదో నేను అడగలేదు. అడిగే హక్ నాకు లేదు, మీకూ లేదు.

కమిటీ పెద్దలను నేను అడిగేది మూడే. వచ్చే జుమాకు ఇమామ్ సాబ్‌ను మైకులో మస్‌అలా సాఫ్‌గా చెప్పనివ్వండి: గోద్నా గునాహ్, వుజూ అవుతుంది, నమాజ్ అవుతుంది, యాసిడ్ పూసుకోవడం తప్పు. రెండు, ఆ పిల్లాడి ఇంటికి మీలో ఒకరు పోయి సలాం చెప్పి చేయి పట్టుకుని తీసుకురండి. ఆ ఎడమ చేయే పట్టుకోండి. మూడు, ఆ హదీస్ చదివేటప్పుడు పూర్తిగా చదవండి, వడ్డీ దగ్గర గొంతు తగ్గించకండి.

మూడోది కష్టమని నాకు తెలుసు. తొలి సఫ్‌లో జాగా చాలా ఖాళీ అవుతుంది. అవనివ్వండి. వెనక మెట్ల మీద చెప్పుల దగ్గర నిలబడిన పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్ళు ముందుకొస్తారు.